గెడలు లేని షికారు పడవ

మా బ్యాటరీల కంపెనీవాళ్లు కొత్త బ్యాటరీ, దాంతో నడిచే మోటారు చేతికిచ్చి, వెళ్లి గోదావరిలో నడిపి చూసి రమ్మన్నారు. నీళ్లు పోయనక్కర్లేదు, పొగ రాదు, చప్పుడు లేదు, షికారు పడవలకు దీన్ని మించింది లేదట. కదలని చెరువులో పరీక్షించి, ఆ మాట అచ్చేసి పంచేశారు కూడా!

సాయంత్రం హైదరాబాదులో రైలెక్కి, తెల్లారాక నరసాపురంలో దిగాను. స్టేషన్ బయట ఇడ్లీ తిని, బ్యాటరీ పెట్టెనీ మోటారునీ రిక్షాలో వేసుకుని రేవుకు చేరాను. వశిష్ఠ పాయ దాటించే పంటు మీద ఒకావిడ పెట్టెను చూసి, "ఇంత బరువెడితే పడవ మునగదాండీ?" అంది. నవ్వేశాను. అవతల సఖినేటిపల్లిలో బస్సు దొరికింది. అంతర్వేది చేరేసరికి ఎండ ముదిరింది.

పడవ వెంకటస్వామిగారిది. ఒకప్పుడు కాలవల్లో కొబ్బరికాయలు మోసేది. లారీలొచ్చి ఆ బేరం పోయాక, యాత్రికుల కోసం బల్లలు కొట్టించి రంగులేయించాడు. పరీక్ష నెగ్గితే మోటారూ బ్యాటరీ ఆయనకే వదిలేస్తాం.

"ఇదీ ఆడకపోతే పడవని చెక్కల కింద అమ్ముకోవడమేనండి," అన్నాడు. ఆయన భార్య మంగమ్మ బ్యాటరీకి పసుపు రాసి బొట్టు పెట్టింది.

మేమిద్దరమే బయల్దేరాం. సముద్రం దాకా హాయిగా సాగింది. "ఆయ్, బాతులా పోతందండి!" అని మురిసిపోయాడు. వెనక్కి తిప్పేసరికి పోటు తగ్గి పాటు మొదలై, ఏరంతా సముద్రంలోకి లాగేస్తోంది. ఎదురు నీటికి మోటారు మూలిగి, ఆగిపోయింది. బ్యాటరీ చచ్చింది.

"గెడ వేసి తొయ్యండి!" అని అరిచాను.

"గెడలు తేలేదండి."

"గెడలూ తెడ్లూ లేకుండా పడవేమిటండీ!"

"మీరంత దూరం నించి మిషను తెచ్చేరు. గెడలు పక్కనెట్టుకుంటే, దానిమీద నమ్మకం లేదని చిన్నబుచ్చుకుంటారేమోనని ఒడ్డునే వదిలేసొచ్చేనండి."

ఈ మర్యాద మండిపోనూ!

చేపల వేట నుంచి వస్తున్న నావవాళ్లు చూసి తాడు విసిరారు. వెంకటస్వామి దాన్ని ముందు నా నడుముకే కట్టాడు. ఇద్దరం ఆ నావలోకి చేరేలోపే అలలు మా పడవను ఇసుక మేటకేసి కొట్టాయి. రంగు బల్లలు ఒక్కొక్కటే ఊడి సముద్రంలోకి పోతుంటే ఆయన చూస్తూ కూర్చున్నాడు. అమ్ముకోవడానికి చెక్కలైనా మిగల్లేదు.

ఒడ్డున గెడలు కొబ్బరిచెట్టుకు ఆనించి ఉన్నాయి. వాటి పక్కనే మంగమ్మ. ఏడుపు దిగమింగుకుని, "ముందు పొడిబట్టలు కట్టుకోండి బాబూ," అంది.

మర్నాడు వద్దంటున్నా ఆయన సఖినేటిపల్లి రేవు దాకా వచ్చి, బొండాల గెల చేతిలో పెట్టాడు.

"ఇంజనీరుగారూ, మీ బ్యాటరీ నీళ్లపాలైంది. ఉద్యోగానికేం మాట రాదు కదండీ?"

తల అడ్డంగా ఊపి పంటెక్కాను.

అంతర్వేది వెళ్లేవాళ్లు గోదావరి సముద్రంలో కలిసే సంగమం తప్పక చూడండి. కానీ పడవెక్కేముందు గెడలున్నాయో లేదో మీరే చూసుకోండి, లేకపోతే మీరే అడిగి తెప్పించండి. మిమ్మల్ని నొప్పించే మాట అక్కడి పడవవాళ్ల నోట రాదు, ప్రాణం మీదికొచ్చినా సరే.