ప్లాటు నడిమధ్య ముగ్గు

దెయ్యాలను నమ్మే అలవాటు నాకు లేదు. మనుషుల్నే ఒక పట్టాన నమ్మను, ఇక దెయ్యాలనేం నమ్ముతాను! మా ఆయన దీనికి అనుమానం జబ్బని పేరు పెట్టారు. ఆ జబ్బే లేకపోతే మా ప్లాటు మాకు దక్కేదే కాదని నేనంటాను.

పందొమ్మిది వందల ఎనభైల నాటి మాట. దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీ నగర్ వైపు ద్రాక్షతోటలు కొట్టేసి, సున్నం గీతలు గీసి ప్లాట్లు అమ్ముతున్నారు. ఒకే ప్లాటు ఇద్దరికి అమ్మిన సంగతులు రోజూ వినేవాళ్ళం. ఖాళీగా వదిలేస్తే కబ్జా అవుతుందని, అందరూ చేసినట్టే మేమూ ఒక మూల రేకుల గది వేసుకుని, తెనాలి నుంచి తెచ్చుకున్న సామానుతో అందులో కాపురం పెట్టాం. చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదు. ఆ నేల పోతే మరోటి కొనే తాహతు మాకు లేదు.

ఒక ఎండాకాలం ఉదయం లేచి చూస్తే ప్లాటు నడిమధ్య పేడనీళ్ళు చల్లి, ముగ్గు వేసి ఉంది. ఇల్లూ వాకిలీ లేని చోట! ఇది అమ్మినవాళ్ళ పనేనని నాకు తోచింది. రేపు నలుగురిని పిలిచి, ఇదిగో మా వాకిలి అంటారు. చీపురుతో తుడిచేశాను. మర్నాడు మళ్ళీ ఉంది. నాలుగు రోజులు ఇదే వరస.

ఐదో రోజు తుడిచేశాక, ఆయన ఆఫీసుకు వెళ్ళగానే, బియ్యం చాట ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. పట్టపగలు. రోడ్డు దాకా మనిషి జాడ లేదు. పాలు పొంగిన వాసన వస్తే లోపలికి వెళ్ళి గిన్నె దించి వచ్చాను. అంతే. నేల తడిగా ఉంది, ముగ్గు ఉంది. పదకొండు చుక్కల ముగ్గు, నాకైతే పావుగంట పని. తడి మన్నులో ఒక్క అడుగు గుర్తు లేదు. ప్రతి గీతా చివర్లో ఎడమకు వంకర తిరిగి ఉంది. నాలుగు రోజులుగా చూస్తున్న వంకరే.

భయం వేసింది, అబద్ధమెందుకు. కానీ కోపం అంతకంటే ఎక్కువ. మాకు భూమి అమ్మిన రైతు కొత్త మేడకు నేరుగా వెళ్ళాను. ఆయన భార్య ఆండాలమ్మ వాకిట్లోనే ఉంది.

"అమ్మేశాక మా ప్లాటులో మీ ముగ్గులేంటండీ?" అని కడిగేశాను.

ఆమె గొడవకు దిగలేదు. "గీతలు ఎట్లున్నయమ్మా?" అని అడిగింది. వేలితో గాలిలో చూపించాను. చెప్పులైనా వేసుకోకుండా నా వెంట వచ్చింది.

ముగ్గు చూడగానే అక్కడే చతికిలబడింది. "గీడ్నే మా పాతింటి కడప ఉండె. మా అత్తకు చేతి బొటనవేలు ఇరిగి వంకర పోయింది, ఆమె ఏసే ముగ్గు గీతలన్నీ గిట్లనే తిరుగుతుండె. ప్లాట్లు చేస్తందుకు ఇల్లు కూలగొడుతుంటే ఒద్దని ఏడ్చింది. మేమిన్లే. కొత్తింట్ల నెల గుడ ఉండలే, పాణం ఇడిచింది."

ఆ మాటా నమ్మలేదు నేను. బెదరగొట్టి ప్లాటు వెనక్కి లాక్కునే ఎత్తు అనుకున్నాను. అంతలో ఆమె అరచేత్తో ముగ్గంతా చెరిపేసింది. "అత్తా, అమ్మినం. ఇది గీళ్ళది. ఇగ రాకు," అంది ఖాళీ నేలతో.

మర్నాటి నుంచి ముగ్గు లేదు. ప్లాటు మాకే నిలిచింది, ఇల్లూ కట్టుకున్నాం.

అది ఎవరు వేశారో ఈరోజుకీ చెప్పలేను. ఆండాలమ్మే వేసిందనుకుందామని చాలాసార్లు చూశాను, నా వల్ల కాలేదు. ఎందుకంటే వారం తర్వాత ఆమె మా గది ముందుకు వచ్చి నిలబడింది.

"ఒచ్చిందా?"

లేదన్నాను.

"మా కొత్తింటికి గుడ రాలే," అంది. "రోజూ వాకిలి ఊడ్వకుంట ఇడిచిపెడుతున్న, ఒస్తదేమోనని."