సముద్రానికి వీపు పెట్టి

మా మేనత్త పోయిందని మొన్న ఆదివారం పొద్దున ప్రొద్దుటూరు నుంచి ఫోను వచ్చింది. నిద్రలోనే పోయిందట. "మంచం వాకిలికి అడ్డంగా ఏసుకోని పండుకున్యాది పాపా. ఆమెను దాటుకోనే లోపలికి పోవాల్సొచ్చింది" అని పక్కింటామె చెప్పింది. అప్పటిదాకా నిబ్బరంగానే ఉన్న నాకు ఆ మాటకు ఏడుపు ఆగలేదు. మామ పోయి ఆరేళ్లయింది. ఆ ఇంట్లో కాపలా కాయాల్సిన మనిషే లేడు. అయినా అత్త మంచం చోటు మారలేదు.

ఆ మంచం సంగతి చెప్పాలంటే జమ్మలమడుగు దగ్గరి మా పల్లె సంగతి చెప్పాలి. మామ ఒక ఎన్నికల్లో ఒక పార్టీ తరఫున పోలింగు బూత్‌లో ఏజెంటుగా కూర్చున్నాడు. ఆయన చేసిన రాజకీయం అంతే. వారం తిరక్కుండా ఊరి మలుపులో ఆయన ఎక్కిన జీపు మీద నాటుబాంబులు పడ్డాయి. ప్రాణం దక్కింది గానీ ఎడమ మోకాలు పాడైపోయింది. ఆ తర్వాతే ప్రొద్దుటూరుకు మారారు.

ఎంత పగలున్నా ఆడమనిషి అడ్డముంటే బాంబు వెయ్యరని మా పక్క ఒక నమ్మకం. ఎంతవరకు నిజమో నాకు తెలియదు. అత్త మాత్రం దాన్నే పట్టుకుంది. బస్సులో కిటికీ పక్కన ఆమె, లోపల మామ. వీధిలో ముందు ఆమె, రెండడుగుల వెనక ఆయన. రాత్రి వాకిలికి అడ్డంగా ఆమె మంచం, లోపల ఆయనది. పులివెందులలో చుట్టాల పెళ్లికి పోతే ఆడవాళ్లు ఆటపట్టించారు. "ఏమ్మే, మొగున్ని కొంగున కట్టేసుకోని తిరుగుతాండావు?"

"కట్టేసుకుంటేనే గదక్కా మళ్లా ఇంటికి తీసకపోయేది" అంది అత్త, నవ్వకుండా.

మోకాలి నొప్పికి మామ మూలుగుతూనే ఉండేవాడు. పడమటి సముద్రం ఒడ్డున ఒకచోట ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయని, అందులో కూర్చుంటే కీళ్ల నొప్పులు తగ్గుతాయని బొంబాయిలో పనిచేసి వచ్చినాయన ఎవరో చెప్పాడు. అత్త ఏడాదిపాటు ఒప్పుకోలేదు. చివరికి ఆ మూలుగు వినలేక సరే అంది. నేనప్పుడే హిందీ పండిట్ ట్రైనింగు ముగించి ఉన్నాను. మాట సాయానికి నన్ను వెంట తీసుకున్నారు.

తిరుపతికి పోతున్నామని ఇరుగుపొరుగుకు చెప్పి బయల్దేరాం. తీరా ఎర్రగుంట్ల స్టేషన్లో అవతలి వర్గం మనిషి ఒకడు ఎదురుపడ్డాడు. "యాడికి మామా, దూరమా?" అని పలకరించాడు. మామ నోరు ఊరుకుంటుందా? "సముద్రానికప్పా, వేన్నీళ్లకు" అని ఊరి పేరుతో సహా చెప్పేశాడు. గుంతకల్లు దాటేదాకా అత్త పెట్టెలోకి ఎక్కే ప్రతి మనిషినీ తేరిపార చూసింది. తర్వాత ఒకటే మాట. "చెప్పినావు గదప్పా, ఇంగ దావ సూపించినట్టే."

ఆ సముద్రం ఒడ్డు ఖాళీగా ఉంది. ఒక పక్క నల్లటి బండలు, వాటి సందుల్లోంచి పొగలు. ఆ బండల దగ్గర నీళ్లు చెయ్యి పెట్టలేనంతగా కాగుతున్నాయి. కొంచెం ఇవతలికి వస్తే గోరువెచ్చన. మామకు ప్రాణం లేచొచ్చింది. "మన పెన్నలో చెలమ తీసినట్టే పాపా" అంటూ రెండు చేతులతో ఇసుక తోడి, ఊరిన వేడినీళ్లలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. అత్త మాకు వీపు పెట్టి, కొబ్బరితోటలోంచి వచ్చే దారికేసి చూస్తూ నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. "సగం సూస్తే సూసినట్టు గాదు" అంది. అది ఆమె ఎప్పుడూ అనే మాటే.

అప్పుడు తోటలోంచి ఇద్దరు వచ్చారు. ఒకడి చేతుల్లో గుడ్డమూట. గుండ్రటి వస్తువులు మూటలో ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయి. ఒంటికి తగలకుండా, ఒకదానికొకటి కొట్టుకోకుండా, రెండు చేతులా పట్టుకుని మెల్లగా అడుగులేస్తూ వస్తున్నాడు. అట్లా పట్టుకుని నడిచేది ఏమిటో మా పక్క పసిపిల్లలకు కూడా తెలుసు. నాటుబాంబులు.

అత్త అరవలేదు. కొంగు విప్పి రెండు చేతులా చాచి మామకు అడ్డంగా జరిగింది. తలతిప్పకుండానే అంది: "పాపా, నువ్వు గూడా రా. నా పక్కన నిలబడు."

వెళ్లి నిలబడ్డాను. ఆ క్షణంలో ఆమె మీద కోపం వచ్చింది. రాలేదని రాస్తే అబద్ధమవుతుంది.

వాళ్లు మమ్మల్ని వింతగా చూసుకుంటూ దాటిపోయారు. బండల దగ్గర గొంతుక్కూర్చుని మూట విప్పారు. కోడిగుడ్లు. మళ్లీ వదులుగా మూటగట్టి, కాగే నీళ్లలోకి దించారు. కాసేపటికి ఆ మూట పట్టుకొచ్చినతనే వచ్చి, ఉడికిన గుడ్డు ఒకటి అత్త చేతిలో పెట్టి పోయాడు. ఆమె పెంకు తీయకుండా దాన్ని అట్లాగే పట్టుకుని నిలబడింది.

మామ దగ్గొచ్చేదాకా నవ్వాడు. "నవ్వాకప్పా" అంది అత్త. అని, అక్కడే కూలబడి ఏడ్చింది. ఏడుపు తగ్గాక నా చెయ్యి పట్టుకుంది. "నిన్ను గూడా పిలిచినా పాపా. ఇంకొకరి బిడ్డను అడ్డం పెట్టబోయినా. శానా తప్పు. మనసులో పెట్టుకోవాకు."

పెట్టుకోలేదు అత్తా. ఇప్పుడు చెబుతున్నాను.

తిరుగు రైలులో, మామ నిద్రపోయాక, కిటికీ పక్కనుంచి మెల్లగా అడిగింది: "సముద్రం ఎట్లుండె పాపా?" నేను బిత్తరపోయాను. మూడు రోజులు ఆ ఒడ్డునే ఉంది. ఒక్కసారీ అటు తిరగలేదు.

మామ చివరికి షుగరుతో, ఇంట్లోనే పోయాడు. "మంచం మీదనే పోయినాడు పాపా. నాకది సాలు" అంది అత్త. ఇప్పుడైనా సముద్రం చూద్దువుగాని రమ్మంటే, "నువ్వు తీసకపోతే వస్తా" అంది. బడి సెలవులకని నేనే వాయిదా వేస్తూ వచ్చాను. ఆ తప్పు నాది.

ఆ ఒడ్డు నుంచి బయల్దేరేటప్పుడు ఒకసారి వెనక్కి చూశాను. మామ తీసిన చెలమలోంచి ఇంకా ఆవిరి లేస్తోంది. దాని పక్కన, మూడు రోజులు అత్త నిలబడిన చోట, రెండు పాదాల గుర్తులు ఇసుకలో లోతుగా దిగి ఉన్నాయి. వేళ్లు దారివైపే ఉన్నాయి. వెనకనుంచి ఒక అల వచ్చి ఆ మడమలను తాకి పోయింది.