గొంతు ఆగిన చోట

నా చిన్నప్పుడు మా అమ్మకి రెండే భయాలు. ఒకటి వాన, రెండోది వీసా. జర్మనీలో మేమున్న ఆ ఓడరేవు ఊళ్ళో వానకైతే గొడుగుండేది. నాన్నకి వీసాకి ఢోకా లేని బ్లూ కార్డు ఉద్యోగం ఉన్నా సరే, వీధిలో పోలీసు బండి కనిపిస్తే అమ్మ నన్ను అవతలి వైపుకి లాక్కెళ్ళేది.

మా పై వాటాలో కరీంనగర్ నుంచి మాస్టర్స్ చదవడానికొచ్చిన అక్క ఉండేది. వాళ్ళ నాన్న ఊరూరా తిరిగి ఉద్యమ పాటలు పాడిన మనిషి. అక్కకి కోరస్ పాడటం ఉగ్గుపాలతోనే అబ్బింది. ఆమెతో చదివే, కామెరూన్ దేశం నుంచొచ్చిన అన్నని ఆ ఎండాకాలం స్టేషన్‌లో పోలీసులు కాగితాలడిగారు. తీసి చూపించేలోపే నేలకేసి అదిమి చెయ్యి విరిచారు. ఒంటి రంగు తప్ప ఇంకో కారణం లేదు. ఆ అన్న దాని మీద పాట కట్టాడు. అక్క వంటింట్లోనే ఇద్దరూ సాధన చేసేవాళ్ళు. శనివారం స్టేషన్ ముందు అందరూ కలిసి పాడాలనుకున్నారు.

"అమ్మాయ్, నీ వీసా పొడిగింపుకి ఆఫీసు వాళ్ళు రమ్మన్న టెర్మిన్ వచ్చే వారమే. స్టేషన్ ముందు నోరెత్తావంటే కొంప మునుగుతుంది," అంది అమ్మ. పాడనని అక్క మాటిచ్చింది.

ఆ శనివారం నన్ను డాన్సు క్లాసు నుంచి తీసుకొస్తోంది అక్కే. దారి ఆ స్టేషన్ ముందు నుంచే. జనం, చుట్టూ పోలీసులు. చేతికట్టుతో అన్న పాడుతున్నాడు. మేము బేకరీ గోడవారగా నిలబడ్డాం. నన్ను పట్టుకున్న అక్క చెయ్యి చల్లగా తడిసిపోయింది. తనని నేలకి అదిమిన సంగతి చెప్పే చరణం దగ్గరికొచ్చేసరికి అన్న గొంతు పూడుకుపోయింది. ఎవరికీ పాట సరిగా రాదు, అందుకునేవాళ్ళు లేరు. పోలీసులు ముందుకి కదిలారు. నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు నా పక్కనుంచే కోరస్ లేచింది. అక్క! వణుకుతూనే ఆ ఒక్క లైనూ మళ్ళీ మళ్ళీ పాడింది, అన్నకి గొంతు తిరిగొచ్చేదాకా. జనం కలిశారు. ఒక పోలీసు మా వైపు కెమెరా తిప్పాడు.

"ఎందుకు పాడావక్కా? అమ్మ చంపేస్తుంది," అన్నాను ట్రైన్‌లో.

"పాడేటోని గొంతు ఆగితే మనం ఊకుంటమా బిడ్డా? ఆయన ఊపిరి తీసుకునేదాక మనం మొయ్యాలె. మా నాయిన నేర్పిండు," అంది.

అమ్మ తిట్టింది చూడండి, బాబోయ్! అంత తిట్టి కూడా, టెర్మిన్ రోజున నన్ను వెంటేసుకుని అక్కతో తనే బయల్దేరింది. ఆఫీసులో కూర్చున్నావిడ చదువు ఎప్పటికి పూర్తవుతుందని అడిగింది, అంతే. అక్క నోరు తెరిచింది, మాట రాలేదు. పోలీసు కెమెరాలో పడ్డ అక్క ఆ కంప్యూటర్లో కనిపిస్తోందేమోనని నేను మునివేళ్ళ మీద లేచి తొంగిచూశాను. ఉన్నట్టుండి అమ్మ, సగం సగం వచ్చిన తన జర్మన్‌లో అందుకుంది. ఈ అమ్మాయి బాగా చదువుతుందని, మా పిల్లని స్కూలు నుంచి తెస్తుందని, చాలా మంచిదని, మళ్ళీ బాగా చదువుతుందని. అక్కకి మాట తిరిగొచ్చేదాకా ఆపలేదు.

వీసా వచ్చింది. పాట సంగతి ఎవరూ అడగనే లేదు.

ఇప్పుడు నాకు అప్పటి అక్క వయసు. భయం తగ్గిందనుకుంటున్నారా? ఎక్కడ! ఎవరైనా తమకి జరిగిన అన్యాయం చెప్పుకుంటూ మధ్యలో ఆగిపోతే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. ఆ చల్లటి చేతులతోనే వాళ్ళ మాట అందుకుంటాను.