మా కెజియా చేయని ఉపవాసం

సహోదరులారా, సహోదరీలారా! చచ్చిపోయిన నా మనవరాలిని నా ప్రార్థన లేపింది! ఊపిరి ఆగిపోయి, డాక్టర్లు చేతులెత్తేసి, ముఖం మీద తెల్ల దుప్పటి కప్పబోతుంటే నేను మోకాళ్ళూని ఒక్క కేక వేశాను, పిల్ల లేచి కూర్చుని "తాతయ్యా, మామిడిపండు" అని అడిగింది! దేవునికే మహిమ!

ఆగండి. దేవుని పేరుతో రాసేటప్పుడు ఇంత కోతలు కొయ్యకూడదు. దుప్పటీ లేదు, ఊపిరి ఆగనూ లేదు. కానీ ఆగేదే, అందులో నా చెయ్యీ ఉంది. అసలు సాక్ష్యం అదీ!

కెజియా నా కూతురి కూతురు. రెడ్డిగూడెంలో మా దగ్గరే ఉండి డిగ్రీ చదువుకుంటోంది. ఈస్టరుకి ముందొచ్చే నలభై రోజుల శ్రమకాలంలో మా సంఘంలో అందరం పగలు ఉపవాసముండి, సాయంత్రం ప్రార్థనయ్యాక భోంచేస్తాం. ఈ పిల్ల సాయంత్రం కూడా కంచం ముట్టేది కాదు, నాకెంత సంతోషమో! ఆదివారం ఆరాధనలో లేచి, "నా మనవరాలు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా నలభై రోజులు ఉపవాసముంది!" అని చాటాను. అందరూ హల్లెలూయ అన్నారు. పిల్ల తల దించుకుంది, వినయమనుకున్నాను.

ఈస్టరు వచ్చింది. విందులో అందరం బిర్యానీ దగ్గర తోసుకుంటుంటే, కెజియా ముక్కలు కంచం అంచుకి నెట్టి, కలిపిన అన్నమే మళ్ళీ కలుపుతూ కూర్చుంది. మామిడికాయలు కోసే ఎండల్లో స్వెటరేసుకుని వణికేది, దువ్వెన నిండా జుట్టు ఊడేది, నెలసరి కూడా ఆగిపోయిందట. "ఏవండీ, ఇది ఉపవాసం కాదండీ, అద్దం ముందు నిలబడి లావైపోయానని ఏడుస్తోంది, ఒంట్లో ఎముకలు తప్ప ఏం లేవు" అని మా ఆవిడ మార్తమ్మ మొత్తుకుంటే, "నీకు విశ్వాసం తక్కువ" అని దబాయించాను.

ఒక ఉదయం మా మామిడితోటలో రసాలు మాగెయ్యడానికి వరిగడ్డి పరుస్తుంటే, పిల్ల ఆ గడ్డి మీదే ఒరిగిపోయింది! ఆటోలో ఒళ్ళో పడుకోబెట్టుకుంటే పిట్టంత బరువు కూడా లేదు. అప్పుడు కేకలేమీ రాలేదు సహోదరులారా. "తండ్రీ, దీని జబ్బుని నా గొప్ప కోసం నీకు అర్పణ అని చెప్పాను. సిగ్గుపరిస్తే నన్ను సిగ్గుపరచు, పిల్లని వదిలెయ్" అన్నాను, అంతే.

ఆసుపత్రిలో గుండె మెల్లగా కొట్టుకుంటోందన్నారు, రక్తంలో పొటాషియం పడిపోయిందన్నారు. వార్డులో కళ్ళు తెరిచిందో లేదో, నేను రసాలు పిండి గ్లాసు నిండా తెచ్చి నోటికందించబోయాను. డాక్టరమ్మ చెయ్యి అడ్డుపెట్టింది! "పెద్దాయనా, ఆగండి! ఇన్నాళ్ళు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా పోస్తే లవణాలు తల్లకిందులై గుండె ఆగిపోవచ్చండీ. రక్త పరీక్షలు చేసుకుంటూ కొద్దికొద్దిగా మేం పెడతాం. ఇది భక్తీ కాదు, పొగరూ కాదు, జబ్బు." చూశారా, ఒకసారి గొప్పతో, ఇంకోసారి ప్రేమతో, రెండుసార్లు నేనే చంపబోయాను, రెండుసార్లూ దేవుడు అడ్డుపడ్డాడు!

ఒళ్ళు కుదుటపడ్డాక మనసు డాక్టరు దగ్గరికీ వెళ్ళాం, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మాట్లాడారు, ఇంకా వెళ్తున్నాం. సంఘంలో మళ్ళీ లేచి, ఆ ఉపవాసం అబద్ధమని ఒప్పుకున్నాను.

ప్రియులారా, మీ పిల్లలు తిండి మానేసినా, తినగానే బాత్రూంలోకి వెళ్ళి కక్కేసుకుంటున్నా తిట్టకండి, నాలాగా పొగడకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి! ప్రార్థన దారి పొడుగునా చేసుకోవచ్చు. ఆయన్ని నమ్మండి, ఆయన డాక్టరమ్మ చేతిని కూడా వాడుకుంటాడు! ఈవేళ నా మనవరాలు సంపూర్ణ స్వస్థత పొంది, బుట్టెడు రసాలు ఒక్కతే తినేస్తోంది! స్తోత్రం!

ఈ సాక్ష్యాన్ని సంఘం పత్రికకి పంపేముందు ఇదంతా కెజియాకి చదివి వినిపించాను.

"బుట్టా లేదు, గంపా లేదు తాతయ్యా. పొద్దున ఒక్క పండు తిన్నాను, అదీ ఏడ్చుకుంటూ. పూర్తిగా తగ్గలేదు, ముద్ద ముద్దకీ ఇంకా భయమేస్తోంది. అలాగే రాయి. రాసేసి లే, అన్నం చల్లారిపోతోంది, నువ్వు పక్కన కూర్చోకపోతే నేను తినలేను."