బాతులకు మైకు కట్టిన రోజు

మా ఇంట్లో నా ముద్దుపేరు స్క్రూడ్రైవర్. విశాఖలో ఆఫీసు ఉద్యోగం చేసుకునే మనిషినే గాని, ఎక్కడైనా ఎవరైనా పాత సామానుతో సొంతంగా ఏదో యంత్రం కట్టారని చెవిన పడితే ఇక నాకు కాలు నిలవదు. మా ఆయన వీటిని పాత ఇనుము యాత్రలు అంటారు. అననివ్వండి. పోయిన నెల తణుకులో పిన్ని కూతురి పెళ్లికి వెళ్లి, అందరూ బంతి భోజనాల్లో ఉంటే నేను మైకు సెట్టు వెనక్కి దూరాను. ఆంప్లిఫయర్ మీద వంటింటి జల్లెడతో చేసిన మూత, లోపల పాత కంప్యూటర్లోంచి పీకిన ఫ్యాను! అది కట్టిన వీర్రాజు గారిని ఊరికే వదిలిపెడతానా? వైర్లు చుట్టుకునే దాకా ప్రశ్నల మీద ప్రశ్నలు. ఆఖరికి ఆయన సిగ్గుపడుతూ, "ఇందులో ఏముందండీ, ఇప్పుడు బాతులకి మైకు కడుతున్నానండి" అన్నారు. ఆ మాటతో నా ఆకలి కూడా ఎగిరిపోయింది.

సంగతేంటంటే, పెనుగొండ చుట్టుపక్కల కోసిన వరి చేలల్లో బాతుల మందను మేపుకునే సత్తెమ్మ, అప్పారావు అనే భార్యాభర్తలు ఉన్నారు. పొద్దున్న దొడ్డి తీస్తే బాతులు చేలల్లో, కాలవల్లో పడి మేస్తాయి. సాయంత్రం సత్తెమ్మ గారు కేక వేస్తే చాలు, ఎక్కడున్నా వచ్చేస్తాయి. ఈ మధ్య ఆవిడకు గొంతు ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఢోకా లేదు గాని గొంతు మాత్రం పోయింది, గాలి తప్ప మాట రాదు. అప్పారావు గారు ఎంత అరిచినా ఆ బాతులు ఖాతరు చేయవట. రోజూ పీకల్లోతు నీళ్లలో దిగి తోలుకురావాలి, సగం మంద పక్కవాళ్ల చేపల చెరువుల్లోకి పోయి తగువులు. శుక్రవారం రాత్రి వీర్రాజు గారు ఫోన్ చేశారు. "రేపే ట్రయలండీ. రేపు గాని పని చెయ్యకపోతే మంద అమ్మేస్తారండి. కొల్లేరు వైపు నుంచి ఆసామి సాయంత్రానికి వ్యాను తెస్తానన్నాడు." ఇంకేముంది, తెల్లవారకముందే స్టేషన్లో ఉన్నాను.

విశాఖ నుంచి రాజమండ్రికి రైల్లో మూడు గంటలు పైచిలుకు. పొద్దున్నే బయలుదేరే బండి పట్టుకుంటే తొమ్మిదిన్నరకల్లా దిగిపోవచ్చు. స్టేషన్ నుంచి బస్టాండుకు ఆటో, అక్కడ రావులపాలెం మీదుగా తణుకు వెళ్లే బస్సు ఎక్కి సిద్ధాంతం అడగండి. గంటన్నర లోపే. టికెట్టు వంద దాటదు. కుడివైపు కిటికీ పట్టుకోండి. జొన్నాడ దగ్గర గౌతమి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, ఒకే టికెట్టు మీద గోదావరిని రెండుసార్లు దాటతారు. నేను వెళ్లిన రోజు పొగమంచు ఇంకా పూర్తిగా విడవలేదు, జొన్నాడ బ్రిడ్జి మీద బస్సు నీళ్ల మీద కాకుండా పాల మీద వెళ్తున్నట్టుంది. రావులపాలెంలో బస్సు ఆగిన కాస్త సేపట్లో కిటికీలోంచే పూతరేకుల పొట్లం కొన్నాను. పెనుగొండ చేరేదాకా ఒక్కటి మిగిలితే ఒట్టు.

సిద్ధాంతం నుంచి పెనుగొండకు షేరాటో. డ్రైవరు నా సంచిలోంచి బయటికి కనబడుతున్న మల్టీమీటరు వంక చూసి, "కరెంటాఫీసా అండీ?" అన్నాడు. కాదు, బాతుల మైకు చూడటానికి అన్నాను. అతను బ్రేకు వేసినంత పని చేశాడు. "ఆయ్! అది నిజమేనాండీ? మేం వీర్రాజు గారికి పని లేదనుకుంటన్నామండీ!" అని, ఆటోలో ఉన్న అందరికీ ఆ వార్త చెప్పి, నన్ను ఆయన కొట్టు ముందే దింపాడు.

వీర్రాజు గారి ఇల్లూ కొట్టూ ఒకటే. ముందు గదిలో గొట్టం స్పీకర్లు, వెనక వంటిల్లు. వంటింట్లో ఇంకో అద్భుతం ఉంది, అది చెప్పకుండా ముందుకు వెళ్లలేను. కుక్కరు పక్కన గోడకు చిన్న మైకు, దానికో సర్క్యూటు, చివర పూజ గంట. కుక్కరు మూడు విజిళ్లు వేయగానే గంట దానంతటదే మోగుతుంది. నేను చప్పట్లు కొట్టేశాను. వాళ్లావిడ మాత్రం నవ్వలేదు. "పక్కింటోళ్ల విజిలు కూడా కలిపేసుకుంటదండీ ఇది. ఆళ్లు వంట మొదలెడితే మేం ఆపుకోవాలి." ఆ మధ్యాహ్నం పక్కింట్లో కూడా వంట జరుగుతున్నట్టుంది, మాకు పప్పు కాస్త పలుకుగానే వచ్చింది. బాతు గుడ్ల పులుసు మాత్రం అమోఘం. మూడోసారి వడ్డించుకోవడానికి నేనేం మొహమాటపడలేదు.

మూడు దాటాక ఆయన మోపెడ్ మీద కాలవ గట్టంట బయలుదేరాం. అసలు ఆ మోపెడ్డే యంత్రం! సీటు వెనక ఖాళీ పెయింటు డబ్బా బిగించి ఉంది. డబ్బాలో ఆటోల్లో పాటలకు పెట్టే ప్లేయరు, మెమరీ కార్డు, పాత స్కూటరు బ్యాటరీ. పైన పెళ్లి పందిళ్లకు కట్టే గొట్టం స్పీకరు, దానికి నీడగా సగం గొడుగు. అన్నిటికంటే నాకు నచ్చింది రిమోటు. విరిగిన బొమ్మ కారు రిమోటు లోపలి భాగాన్ని సత్తెమ్మ గారి బాతుల కర్రకే చుట్టి, రెండు కాలింగ్ బెల్ బటన్లు పెట్టారు. ఎర్రది నొక్కితే రమ్మని, పచ్చది నొక్కితే ముందుకు కదలమని. మరి గొంతు ఎక్కడిది? బాతుల కేకను రికార్డు చేసుకునేవాళ్లు ఎవరుంటారు? నరసాపురంలో ఉండే సత్తెమ్మ గారి అమ్మాయి ఉంచిందట. సత్తెమ్మ గారికి చదువు రాదు, కూతురికి వాయిస్ మెసేజ్‌లే పంపేవారు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో బాతుల్ని పిలిచేవారు. కూతురు ఒక్కటీ చెరపలేదు. వీర్రాజు గారు వాటిలోంచి పిలుపులు మాత్రం కోసి, వెనకాల శబ్దాలన్నీ తీసేసి, శుభ్రం చేసి పెట్టారు.

చేలో వాళ్లుండే టార్పాలిన్ గుడారం, దాని పక్కన వల కట్టిన దొడ్డి. సత్తెమ్మ గారు బక్కపల్చటి మనిషి, మెడ మీద ఆపరేషన్ గీత. నన్ను చూసి చేత్తోనే కూర్చోమన్నారు. అప్పారావు గారు ఆవిడకు రెండింతలు ఉంటారు గాని, ఆవిడ కళ్లతో చూస్తే చాలు లేచి నిలబడతారు. బాతులు దూరంగా చేను చివర, కాలవ దగ్గర వరి దుబ్బుల్లో ముక్కులు పెట్టి మేస్తున్నాయి. నాలుగైదు వందలు ఉంటాయి. వ్యాను ఐదింటికి వస్తుందని అప్పారావు గారు చెప్పారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మందవైపు చూడలేదు.

సత్తెమ్మ గారు ఎర్ర బటన్ నొక్కారు. "దా దా దా దా... దా బుజ్జీ దా!" ఆ గొంతు చేనంతా పరుచుకుంది. అబ్బ, ఏం గొంతండీ అది! ఆవిడ తన గొంతు తానే వింటూ మెడ మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయారు. బాతులు మెడలెత్తి చూశాయి. చూసి, మళ్లీ ముక్కులు దించేసుకున్నాయి.

మళ్లీ నొక్కారు. అంతే. మూడోసారి మెడలు కూడా ఎత్తలేదు. నా వల్ల కాలేదు. "సౌండు పెంచితే సరి!" అంటూ నేనే ముందుకు దూకి నాబ్ తిప్పేశాను. స్పీకరు కీచుమంది. ఆ అరుపుకు మంద మొత్తం గట్టు దాటి కాలవలోకి దూకేసి, నీటివాలుకు కొట్టుకుపోవడం మొదలుపెట్టింది. నేను నాబ్ వెనక్కి తిప్పేశాను గాని, అప్పటికే ఆలస్యమైంది. సత్తెమ్మ గారు కర్ర మొగుడి చేతికిచ్చి గాలిగొంతుతో ఏదో అన్నారు. దగ్గర ఉన్నాను కాబట్టి వినిపించింది. "ఇచ్చేద్దాం. వ్యాను రానీ."

అప్పారావు గారు కర్ర పట్టుకుని అటూ ఇటూ చూశారు. తల గోక్కున్నారు. "వీర్రాజు గారూ, ఒక మాట అడగనాండీ? ఏవీ అనుకోకూడదు. ఉత్త పిలుపేనాండీ పెట్టింది?"

"అవునండి. శుభ్రంగా పిలుపొక్కటే."

"అదేనండి మరి. మా ఆవిడ అలా పిలవదండి. ముందు నన్ను తిట్టుద్దండి. తిట్టాక నేను నూకల తట్ట తెస్తానండి. అప్పుడు పిలుద్దండి." ఆయన మొహం ఎర్రగా అయింది. "రోజూ అంతేనండి. బాతులకి తెలుసండి, నాకు తిట్లు పడ్డాయంటే ఆటికి మేత వస్తదని."

నేను నవ్వాలో ఏడవాలో తెలియక వీర్రాజు గారి వంక చూశాను. ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. "ఆ తిట్లు నేనే కోసేశానండీ! ఊరంతా వింటారు, బాగోదని." తర్వాత నా వైపు వంగి గొంతు తగ్గించి, "బాగోదని ఒక్కటే కాదండి. అందులో ఒక మాట ఉంది. ఇప్పుడు ఈవిడకి వినిపించడం ఎందుకని" అన్నారు. ఎంత తగ్గించినా సత్తెమ్మ గారికి వినబడింది. ఆయన ఫోన్ వైపు వేలు చూపించి, వెయ్యమని తల ఊపారు.

వీర్రాజు గారి ఫోన్లో అసలు మెసేజ్ ఉంది. వైరు తగిలించి, అప్పారావు గారిని తట్ట పట్టుకోమన్నారు. గొట్టంలోంచి ముందు గిన్నెల చప్పుడు, ఎక్కడిదో ట్రాక్టరు మోత. ఆ వెంటనే, "ఏవయ్యోయ్! ఎక్కడ చచ్చావ్? పొద్దుగూకిపోతంది, నూకల తట్ట పట్రా! టీ కొట్టు కాడ కూకుంటే బాతులు వాటంతటవే వస్తాయనుకున్నావా? నీకోసం అరిచీ అరిచీ ఏదో ఒకరోజు నా గొంతు పడిపోద్ది, అప్పుడు తెలుస్తాది నీకు! దా దా దా దా... దా బుజ్జీ దా!"

అయ్యబాబోయ్, ఆ దృశ్యం మీరు చూడాలి! 'ఏవయ్యోయ్' అనగానే కాలవలో కొట్టుకుపోతున్న మంద టక్కున వెనక్కి తిరిగింది. తిట్లు పూర్తికాకముందే గట్టెక్కేశాయి. ఒకదాని మీద ఒకటి పడుతూ, రెక్కలు కొడుతూ, చేనంతా గగ్గోలు చేస్తూ మా కాళ్ల మధ్య నుంచి దూసుకుపోయాయి. నేను గట్టు మీద చిన్నపిల్లలా ఎగురుతున్నాను, ఒక చెప్పు బురదలో ఉండిపోయినా పట్టించుకోలేదు. వీర్రాజు గారు మోపెడ్‌నే ముద్దు పెట్టుకున్నారు. అప్పారావు గారు మాత్రం తట్ట పట్టుకుని కదలకుండా నిలబడ్డారు. బాతులు తట్టలోంచే తినేస్తున్నాయి. ఆయన కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. సత్తెమ్మ గారే వెళ్లి కొంగుతో తుడిచి, ఆ కొంగుతోనే తన కళ్లూ తుడుచుకుని, చప్పుడు లేకుండా నవ్వారు.

ఈ గొడవలో వ్యాను ఎప్పుడు వచ్చిందో చూసుకోలేదు. కొల్లేరు ఆసామి గట్టు మీద నిలబడి అంతా చూస్తున్నాడు. "ఇంత గొంతు పెట్టుకుని అమ్ముతానంటావేంటమ్మా!" అన్నాడు. ఇక అమ్మనన్నట్టు సత్తెమ్మ గారు అడ్డంగా తల ఊపారు. అతను నవ్వేసి, టీ తాగి, ఖాళీ వ్యానుతో వెళ్లిపోయాడు.

పొద్దు వాలేలోపే వీర్రాజు గారు ఆ మెసేజ్ మొత్తాన్ని ఎర్ర బటన్‌కు ఎక్కించారు. బాతులన్నీ దొడ్లోకి వెళ్లాయి, వల మూసేశారు. డబ్బానీ స్పీకరునీ మోపెడ్ మీంచి విప్పి వాళ్ల దగ్గరే ఉంచేసి మేం బయలుదేరబోతుంటే వెనక నుంచి మళ్లీ వినబడింది, "ఏవయ్యోయ్! ఎక్కడ చచ్చావ్?" వెనక్కి తిరిగి చూస్తే కర్ర అప్పారావు గారి చేతిలో ఉంది. "బాతులన్నీ వచ్చేశాయి కదండీ, ఇంకెందుకు?" అన్నాను. ఆయన బటన్ మీద నుంచి వేలు తియ్యలేదు. "ఇది బాతులక్కాదండి" అన్నారు.

రాత్రి రైల్లో కూర్చుని మా ఆయనకు ఫోన్ చేసి ఇదంతా చెబుతుంటే నా గొంతు బోగీ అంతా వినబడిందేమో, ఎదురు సీటావిడ కూడా చెవి ఇటే పెట్టారు. ఎన్నో యంత్రాలు చూశాను. వాటిలో అనవసరపు శబ్దాలు ఎంత తీసేస్తే అంత మంచిదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. తీసేసిన దాంట్లోనే మనిషి ఉండొచ్చని ఈ పెయింటు డబ్బా ముందు నిలబడితే గాని తెలియలేదు. ఫోన్ పెట్టేశాక పాత మెసేజ్‌లు తెరిచి, మా ఆయన నన్ను విసుక్కున్నవి కూడా ఒక్కటీ చెరపకుండా దాచుకున్నాను.

మీరూ వెళ్లాలనుకుంటే సార్వా కోతలు, అంటే వానాకాలం వరి కోతలు అయ్యాక వెళ్లండి, సాయంత్రం నాలుగింటికల్లా పెనుగొండలో ఉండండి. అడ్రసు మాత్రం అడగొద్దు, బాతుల మందకు అడ్రసు ఉండదు, మేత ఉన్న చేనుకల్లా మారుతుంటుంది. కాలవ గట్టెక్కి కాసేపు ఊరికే నిలబడండి. ఎక్కడో ఒకచోట ఎవరో అప్పారావును తిడుతూ ఉంటారు. అటు నడవండి.