సీడీలో ఉన్నది చూపించమన్నాను

అబిడ్స్‌లో మా చర్చి ఆఫీసు వెనక గదిలో, మెట్ల కింద ఒక కంప్యూటరు ఉండేది. అదే మా సర్వరు. దానిమీద నడిచే వెబ్ అప్లికేషన్ నేను రాసిందే. రెండువేల దశకం మధ్యలో, నాంపల్లిలో నా ఉద్యోగం ముగించుకుని రోజూ సాయంత్రం వచ్చి కూర్చుని, బాప్తిస్మపు రిజిస్టర్లన్నీ అందులోకి ఎక్కించాను. మెదక్ పల్లెల నుంచి వచ్చిన పాత రిజిస్టరు ఒకటి ఆ తర్వాత వానకు తడిసి ముద్దయిపోయింది. పారేయక తప్పలేదు. నేను టైపు చేసింది తప్ప ఆ పేర్లకు ఇంకో ఆధారం లేదు. ఆ సంగతి కమిటీకి పదిసార్లు చెప్పాను. పదిసార్లూ తల ఊపారు.

ఒక శనివారం, కమిటీవాళ్ళంతా ఉండగా, కంప్యూటర్లు అమ్మే ఆయన నాంపల్లి నుంచి కొత్త యంత్రం తెచ్చాడు. పాతదాంట్లో ఉన్నదంతా సీడీలోకి తీశాననీ, పాతదాన్ని చెరిపేసి తీసుకెళ్తాననీ అన్నాడు. బ్యాకప్ సరిగ్గా ఉందని కాగితం మీద నన్ను సంతకం పెట్టమన్నాడు.

పెట్టనన్నాను. ముందు ఆ సీడీలోంచి కొత్త యంత్రంలోకి ఎక్కించి పేర్లు చూపించాలి, ఆ తర్వాతే పాతదాని మీద చెయ్యి వెయ్యాలి అన్నాను. తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మా కార్యదర్శి పెద్దాయన, నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవారు. "గింత అనుమానమేంది బిడ్డా? జర నమ్మకం ఉండాలె," అన్నారు.

"దేవుడి మీద ఉంది అంకుల్. సీడీ మీద లేదు," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. పాత కంప్యూటరు ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మొండిఘటం అని ఎవరో గొణిగారు. అనుకోనీ. ఆ మొండితనమే లేకపోతే ఆ పేర్లు రిజిస్టరుతోపాటే పోయేవి.

అరగంటలో కొత్త యంత్రంలో పేజీ తెరుచుకుంది. కార్యదర్శి తన పేరు కొట్టారు. ఆయన బాప్తిస్మం నగరంలోనే అయింది, రిజిస్టరు ఇంగ్లీషులో ఉండేది. పేరు, తేదీ అన్నీ వచ్చాయి. "ఇగో, వచ్చింది కదా. ఇంక పెట్టు సంతకం," అన్నారు. మావాళ్ళ పరీక్ష ఎప్పుడూ ఇంతే. తమ పేరు కనబడితే అన్నీ ఉన్నట్టే.

"ఇప్పుడు మీ అమ్మగారిది చూడండి," అని మెదక్ రిజిస్టరులో ఆమె వరస నంబరు కొట్టాను. ఆ పేర్లు రిజిస్టరులో ఉన్నట్టే తెలుగులో టైపు చేశాను. తేదీ సరిగ్గా వచ్చింది. పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు. ఆ రిజిస్టరు మొత్తం అంతే.

కంప్యూటర్లాయన తడబడలేదు. "తెలుగు పేర్లొక్కటే పోయినయ్ మేడం. పాత మనుషులే కదా, గిప్పుడు ఎవరడుగుతరు?"

నాకు ఒళ్ళు మండింది. "నేనడుగుతాను," అన్నాను.

పాత యంత్రం ఇంకా చెరపలేదు కాబట్టి బతికిపోయాం. సమాచారం బయటికి తీసేటప్పుడు ఆయన తెలుగు లిపికి తగ్గ సెట్టింగు పెట్టలేదు. నేను పెట్టి మళ్ళీ తీశాను, మళ్ళీ ఎక్కించాను. కార్యదర్శిని కూర్చోబెట్టి పైకి చదవమన్నాను.

వాళ్ళమ్మ పేరు చదివారు. కింది వరసలో, అదే రోజు బాప్తిస్మం పొందిన మూడేళ్ళ పిల్ల పేరుంది. అక్కడ ఆగిపోయారు.

"మా అక్క," అన్నారు. "నేను పుట్టకముందే పోయింది. మా అమ్మ చెప్తుంటే ఇన్న. గిట్ల రాసి ఉన్నదని నాకు తెల్వదు."

కళ్ళు తుడుచుకున్నారు. నాకు జాలి కలగలేదు, కోపమే వచ్చింది. దాచుకోలేదు కూడా.

"ఇందాక మీరు చెరిపెయ్యమన్నది ఈమె పేరే అంకుల్."

కార్యదర్శి పాత కంప్యూటరు ప్లగ్గు మీద చెయ్యి వెయ్యబోయిన నాంపల్లి ఆయనతో, "ఆగు. అందరివీ చదవనీ," అన్నారు.