అజీజియా ఒడ్డున మా మధ్యంతర ఎన్నికలు

శుక్రవారం పొద్దున్న ఆరింటికి రియాద్ సులైలోని మా కార్మికుల క్యాంపు గేటు ముందు అద్దె బస్సెక్కాం. నాతో కలిపి ఇరవై రెండు మందిమి. సముద్రం ఒడ్డున, ఖోబర్ పక్కన అల్ అజీజియా వెళ్లి ఓటేసి రావాలి. రియాద్‌లో, ఖోబర్‌లో పనిచేసే మా జగిత్యాల వైపు వాళ్ల కబడ్డీ సంఘానికి నేను ప్రెసిడెంటును. నా పదవి రెండేళ్లు, ఐదుగురి కమిటీకి మాత్రం ఏడాదే. అమెరికాలో మధ్యంతర ఎన్నికలంటారు చూడండి, అచ్చం అదే. కమిటీ మనదైతే ప్రెసిడెంటు మాటే వేదం, కాకపోతే ఉత్త రబ్బరు స్టాంపు. ఈసారి పోటీలు సులైలోనే పెట్టిస్తానని బల్లగుద్ది చెప్పాను. ఖోబర్ వాళ్లు పంతొమ్మిదిమందే. గెలిచేశామనే లెక్క! బస్సులో నా గొప్పలకు అడ్డూ అదుపూ లేదు.

ఎనిమిదింటికి పెట్రోలు బంకు దగ్గర పరాటా, చాయ్. మీరెళితే అక్కడే కడుపు నింపుకోండి, తర్వాత అంతా ఇసుకే. పదకొండున్నరకు అజీజియా చేరాం. మా డ్రైవరు, హైదరాబాదు జహంగీర్ భాయ్, సముద్రం పక్క మసీదు దగ్గర ఆపాడు. "నమాజ్ చదివొస్తా. మీ మీటింగ్ ఒంటిగంటకు కదా, టైముకు దించేస్తా" అన్నాడు.

ఆయన తిరిగొచ్చేసరికి బస్సు ఖాళీ. అందరూ నీళ్లలో! ఏళ్లుగా సిమెంటూ ఇసుకా తప్ప చూడని మనుషులు ప్యాంట్లతోనే దూకారు. యాభై దాటిన ప్లంబర్ రాజన్న కేరింతలు కొడుతున్నాడు.

"ఓట్లున్నయే! బయటికి రాండ్రి!" అని గొంతు చించుకున్నాను.

"ఒక్క మునుగు మునిగి వస్తమే పెసిడెంటూ!"

లాక్కొద్దామని బూట్లు విప్పి దిగాను. ఎవడో వెనకనుంచి తోశాడు. ఉప్పునీళ్లు ముక్కులోకి పోయి, నవ్వాగక, గడియారం సంగతే మరిచాను.

రెండుంబావుకు మీటింగ్ హాల్లోకి నీళ్లు కారుతూ వెళ్లాం. మావాళ్లు నేరుగా బిర్యానీ గిన్నెల వైపు పోయారు. ఓట్లయిపోయాయి. ఐదు సీట్లూ ఖోబర్ వాళ్లవే. వాళ్ల నాయకుడు నరేందర్, ఆఫీసు ఉద్యోగి, నాకో తువ్వాలు అందించాడు. "కూర్చో అన్నా. నీ పోస్ట్ ఇంకో ఇయర్ సేఫ్. ఫస్ట్ రెజల్యూషన్, పోటీలు ఖోబర్ల. సైన్ చెయ్యి."

కుర్చీ నాదే, పెన్నూ నాదే, మాట మాత్రం వాళ్లది. సంతకం చేశాను. పరువు గంగలో కలిసింది. బిర్యానీ మాత్రం బ్రహ్మాండం!

నాలుగింటికి తిరుగు ప్రయాణం. మాట నిలబెట్టుకోలేదన్న సిగ్గుతో సగం దారి కిటికీ బయటి ఇసుకే చూస్తూ కూర్చున్నాను. చివరికి రాజన్నే అడిగాడు.

"పోటీలు యాడ పెడుతుండ్రే?"

"ఖోబర్లనే. మీరు టైముకు రాకపోతిరి, నేనేం జెయ్యాలె?"

బస్సంతా ఈలలు, చప్పట్లు!

"మేం పోయి చేతులెత్తితే సులై గెలుస్తుండె గద" అన్నాడు రాజన్న. "సులైల ఏమున్నదే, ఇసుక తప్ప? ఖోబర్ల అయితే సముద్రమున్నది. అందుకే నీళ్లల్లనే ఉన్నం."

ముందు ఒళ్లు మండింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాను. నా అధికారం ఊడగొట్టింది నేను బస్సెక్కించి తీసుకెళ్లిన నా ఓటర్లే. ఏడాదిగా వాళ్ల తరఫున కొట్లాడాను, పోటీలు ఎక్కడ కావాలో వాళ్లనొక్కసారీ అడగలేదు.